కుచి సొరంగాల్లో ఒక పూట

[దృశ్యం: ఆర్కే బీచ్, పొద్దున్నే. కురుసుర జలాంతర్గామి పక్కగా కెమెరా నెమ్మదిగా కదులుతుంది. అలల చప్పుడు.]

నమస్కారం. నా వెనుక ఉన్నది కురుసుర. విశాఖవాసులకు పరిచయం అక్కర్లేదు. బడిలో ఉన్నప్పుడు వరుసలో నిలబడి ఒకసారి, ఊరి నుంచి చుట్టాలు వచ్చినప్పుడల్లా మరోసారి లోపలికి వెళ్లి చూసినవాళ్లమే. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విధుల నుంచి తప్పుకొని, 2002 నుంచి ఈ ఇసుక మీద మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్లు. అంత పొడవున్నా, లోపల ఒక అర నుంచి ఇంకో అరలోకి వెళ్లాలంటే గుండ్రటి కంతలోంచి ఒక కాలు ముందు పెట్టి, తల వంచి దూరాలి. ఆ కంత దాటేటప్పుడు మీకేమనిపించిందో గుర్తు చేసుకోండి. గుండె దడదడలాడిందా? వెంటనే బయటపడాలనిపించిందా?

ఆ జవాబు గుర్తుంచుకోండి. యుద్ధకాలంలో వియత్నాం పోరాటకారులు నేల కింద తవ్వుకుని బతికిన కుచి సొరంగాలకు వెళ్లేటప్పుడు అదే మీకు పనికొస్తుంది.

[దృశ్యం: పటం మీద విశాఖ, అక్కడి నుంచి సింగపూర్, అక్కడి నుంచి హోచిమిన్ సిటీ వరకు గీత.]

అమ్మనూ నాన్నగారినీ తీసుకుని, సింగపూర్‌లో విమానం మారి, హోచిమిన్ సిటీ చేరాం. పాత పేరు సైగాన్. వియత్నాం వీసా ఇంట్లో కూర్చునే తీసుకోవచ్చు. 2023 ఆగస్టు నుంచి ఆ ఈ-వీసా గడువు 90 రోజులకు పెంచారు. సొరంగాలు నగరానికి వాయవ్యంగా కుచి ప్రాంతంలో ఉన్నాయి. చూడదగ్గ చోట్లు రెండు. దగ్గరిది బెన్ దిన్, సుమారు 50 కిలోమీటర్లు. దూరంగా ఉన్నది బెన్ డువోక్, సుమారు 70. ఒక పూట యాత్రలు ఎక్కువగా బెన్ దిన్‌కే వెళతాయి, జనమూ అక్కడే ఎక్కువ. బెన్ డువోక్‌లో ఒక స్మారక మందిరం ఉంది. ఆ ప్రాంతంలో చనిపోయిన 44 వేల మందికి పైగా వియత్నామీల పేర్లు అక్కడి గోడల మీద చెక్కి ఉన్నాయి. ఒక పూటకు బదులు ఒక రోజంతా కేటాయించగలిగితే నేను బెన్ డువోక్‌కే ఓటేస్తాను.

మేము బెన్ దిన్ వెళ్లాం. ఉదయం ఏడున్నరకు హోటల్ దగ్గర వాహనం ఎక్కాం. దారిలో దాదాపు రెండు గంటలు. మధ్యాహ్నం వెళ్లే యాత్రలూ ఉన్నాయి కానీ, ఎండా ఉక్కా తట్టుకోవడం కష్టం. మన ఏప్రిల్ నెల ఉక్కపోత తెలిసినవాళ్లకు ఇంతకన్నా చెప్పనవసరం లేదు.

[దృశ్యం: ఎర్రటి నేల మీద ఎండుటాకులు. గైడు చేతితో ఆకులు తప్పించి, చిన్న చెక్కమూత ఎత్తుతాడు.]

అందరూ ఫోటో తీసుకునేది ఇక్కడే. ఆకుల కింద మూత. మూత ఎత్తితే మనిషి భుజాలు మాత్రమే పట్టే పొడవాటి కంత. చేతులు పైకెత్తి దిగి, మూతను నెత్తిమీద పెట్టుకుని కిందికి జారితే, నిలబడ్డవాడు ఇప్పుడే ఇక్కడ ఉన్నాడన్న ఆనవాలు కూడా మిగలదు. మా బృందంలో కుర్రవాళ్లంతా వరుసకట్టి దిగారు. నాన్నగారు మాత్రం ఆ కంత పక్కన వంగి, మట్టిని వేలితో గీకి చూశారు. ఉద్యోగ జీవితమంతా పునాదులు తవ్వించిన మనిషి.

"అమ్మా, ఇది మన ఎర్రమట్టి దిబ్బల లాంటిది కాదు. అక్కడ ఇలా తవ్వితే వెంటనే కూలిపోతుంది" అన్నారు.

నాకు ఈ యాత్ర అంతా ఆ మాటతోనే అర్థమవడం మొదలైంది. భీమిలి దారిలో ఉన్న మన ఎర్రమట్టి దిబ్బలు ఇసుక దిబ్బలు. వానలకు కోసుకుపోయి లోయలుగా మారినవి. రంగు ఒకటే అయినా కుచి నేల స్వభావం వేరు. అది ఇనుము పాలు ఎక్కువగా ఉన్న బంకమన్ను. వానాకాలంలో మెత్తబడుతుంది, పారకు లొంగుతుంది. గాలి తగిలి ఆరిందంటే ఇటుకలా గట్టిపడుతుంది. అందుకే తవ్వకమంతా వానల్లో సాగేది. కప్పు నిలబెట్టడానికి స్తంభాలు అక్కర్లేదు, సిమెంటు అక్కర్లేదు. పొట్టి పిడి పార, వెదురు తట్ట ఉంటే చాలు. తవ్విన మట్టిని మాత్రం ఒకేచోట పోయకూడదు, కొత్తమట్టి కుప్ప కనబడితే గుట్టు బయటపడినట్టే. దాన్ని పొలాల్లో కలిపారు, బాంబు గుంతల్లో పోశారు, నదిలో వదిలారు.

మొదటి సొరంగాలు 1940ల చివర్లో, ఫ్రెంచివారితో పోరాడే రోజుల్లో తవ్వారు. అప్పుడవి దాక్కోవడానికీ, ఆయుధాలు దాచడానికీ తవ్విన పొట్టి పొట్టి బొరియలు. 1960ల్లో అమెరికాతో యుద్ధం ముదిరాక వాటిని ఊరి నుంచి ఊరికి కలుపుకుంటూ పోయారు. చివరికి మొత్తం పొడవు సుమారు 250 కిలోమీటర్లకు చేరిందని చెబుతారు. అంటే విశాఖ నుంచి రాజమండ్రి దాటి పోయేంత దారి, నేల కింద, చేతిపారలతో. మూడు అంతస్తులు. పైది మూడు నాలుగు మీటర్ల లోతున, మధ్యది ఆరు మీటర్ల దాకా, అన్నిటికన్నా కిందిది ఎనిమిది మీటర్లకు మించి. నిద్రపోవడానికి గదులు, ఆసుపత్రి, సమావేశ మందిరం, బావులు, ఆయుధాలు బాగుచేసే చోటు, అన్నీ ఆ కిందే.

[దృశ్యం: పొయ్యి ఉన్న వంటగది. నేల మీద ఆకుల మధ్య నుంచి మంచులా పలచగా పొగ.]

ఇక్కడ ఆగండి. గైడు తొందరపెట్టినా సరే, ఆగి చూడండి. నా దృష్టిలో ఆ పూటంతటికీ ముఖ్యమైన చోటు ఈ వంటగది.

నేల కింద వందలాది మందికి వండాలి. పొయ్యి వెలిగిస్తే పొగ వస్తుంది. పొగ పైకి కనిపిస్తే విమానం వస్తుంది. ఈ చిక్కును విప్పినవాడు సేనాపతి కాదు, ఇంజనీరు కాదు. ఫ్రెంచి యుద్ధకాలంలో సైన్యంలో వంటమనిషిగా ఉన్న హొవాంగ్ కామ్. ఇప్పటికీ ఆ పొయ్యిని ఆయన పేరుతోనే పిలుస్తారు. పొయ్యి నుంచి పొగను నేరుగా పైకి పోనివ్వకుండా, మట్టిలో తవ్విన పొడవాటి కాలువల గుండా మళ్లిస్తారు. పొగ దారి పొడవునా చల్లారుతూ, చీలుతూ, చివరికి ఎక్కడో దూరాన ఆకుల కింద నుంచి పలచటి ఆవిరిలా బయటికొస్తుంది. దానికి తోడు వంట తెల్లవారకముందే ముగించేవారు, పొగ మంచులో కలిసిపోవాలని. మా అమ్మ ఆ పొయ్యి ముందు చాలాసేపు కూర్చుండిపోయింది. కట్టెల పొయ్యి మీద వండి, పొగకు కళ్లు మండిన రోజులు ఆమెకు గుర్తున్నాయి.

గాలి సంగతీ ఇంతే. గాలి గొట్టాలుగా వెదురు బొంగులు, పైన వాటి మూతి దగ్గర చెదపుట్టలాంటి మట్టిదిబ్బ. చూసేవాళ్లకు అది అడవిలో ఇంకొక పుట్ట. అమెరికా సైన్యం పసిగట్టే కుక్కలను తీసుకొచ్చినప్పుడు, ఆ రంధ్రాల దగ్గర మిరపపొడి చల్లారు. తర్వాత అమెరికా సైనికులు వాడే సబ్బుతోనే ఒళ్లు కడుక్కోవడం, వారి బట్టల ముక్కలు అక్కడ పెట్టడం మొదలుపెట్టారు. తమవాళ్ల వాసనే రావడంతో కుక్కలు తికమకపడ్డాయి.

[దృశ్యం: నలుపు తెలుపు యుద్ధచిత్రాలు. తర్వాత ఇప్పటి అడవిలో గడ్డి మొలిచిన పెద్ద గుంత.]

దారిలో పెద్ద పెద్ద గుంతలు కనిపిస్తాయి. చెరువులు కావు, అమెరికా బీ-52 యుద్ధవిమానాలు వేసిన బాంబుల గుర్తులు. 1966 జనవరిలో సుమారు 8,000 మంది అమెరికా, ఆస్ట్రేలియా సైనికులు ఈ అడవిని గాలించారు. అదే ఏడాది అమెరికా 25వ పదాతిదళ డివిజన్ కుచిలోనే స్థావరం వేసింది. శత్రువు కోసం వాళ్లు ఎక్కడో వెతుకుతుంటే, రాత్రివేళ వాళ్ల స్థావరం మీదే కాల్పులు జరిగేవి. 1967 జనవరిలో మరో పెద్ద దాడి, దాదాపు 30,000 మందితో. బెన్ సుక్ అనే ఊరిని ఖాళీ చేయించి నేలమట్టం చేశారు. అయినా సొరంగాలు పూర్తిగా పోలేదు. దారి మెలికలు తిరిగి ఉంటుంది, మధ్యమధ్య మూతలుంటాయి. ఒకచోట వాయువు వదిలినా, పేల్చినా ఆ దెబ్బ అక్కడికే ఆగిపోయేది. ఆ ఇరుకులోకి దిగడానికి పొట్టిగా, సన్నగా ఉన్న సైనికులను ఏరి పంపేవారు. చేతిలో పిస్తోలు, టార్చిలైటు, అంతే. చీకట్లో ఎదురుగా ఏముందో తెలియకుండా పాకుతూ వెళ్లిన ఇరవై ఏళ్ల కుర్రవాళ్లు వాళ్లు. అక్కడ మొదట్లో చూపించే పాత చిత్రం ఒక పక్షం గొంతుతోనే మాట్లాడుతుంది. నా మనసులో మాత్రం ఈ కుర్రవాళ్లూ మెదులుతూనే ఉన్నారు.

అక్కడ నిలబడి నాన్నగారు నాయనమ్మ చెప్పిన కథ ఎత్తుకున్నారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఆ ఒక్క రోజుకే జనం మూటాముల్లె సర్దుకుని ఊరు విడిచి పరుగులు తీశారు. మా నాయనమ్మ వాళ్లు ఎడ్లబండి మీద పల్లెకు చేరారట. "ఒక్క రోజుకే మనకు అలా అయింది. వీళ్లు ఏళ్ల తరబడి ఎలా ఉన్నారమ్మా" అన్నారు. ఉన్నవాళ్లకు తేలు, జెర్రి, పాము, తేమ, ఆకలి తోడు. యుద్ధంలో తగిలిన గాయాల తర్వాత ఎక్కువమందిని చంపింది మలేరియా.

[దృశ్యం: వెదురు ఉచ్చుల ప్రదర్శన. ఆ వెంటనే 1970లో మందుపాతరకు ఆగిపోయిన ఎం-41 ట్యాంకు.]

ఉచ్చుల దగ్గర ఎక్కువసేపు నిలబడబుద్ధి కాలేదు. సూదిగా చెక్కిన వెదురు మీద మనిషి పడితే ఏమవుతుందో చూస్తే చాలు, చెప్పక్కర్లేదు. చిన్నపిల్లలుంటే ముందే దాటించేయండి.

ఆ తర్వాత తుపాకులు కాల్చే మైదానం వస్తుంది. డబ్బు కట్టి, ఏకే-47తోనో ఎం-16తోనో తూటాలు పేల్చవచ్చు. నేను కాల్చలేదు. ఇంతమంది చనిపోయిన నేల మీద ఆ చప్పుడు వినడమే కష్టంగా అనిపించింది. ఆ శబ్దం చాలా దూరం వినిపిస్తుంది, చంటిపిల్లలు ఉలిక్కిపడతారు. చెవులు మూయడానికి దూది దగ్గర పెట్టుకోండి.

[దృశ్యం: సొరంగం మెట్లు. కెమెరా లోపలికి వంగుతుంది. ఊపిరి చప్పుడు.]

ఇక అసలు పాకడం. అసలు సొరంగాలు వంగి పాకితే తప్ప పట్టనంత పొట్టివి, భుజాలంత వెడల్పు. సందర్శకుల కోసం కొంత భాగాన్ని పెద్దది చేశారు. అయినా నిలబడలేం. గొంతుకూర్చుని నడవాలి, కొన్నిచోట్ల చేతులు నేలకానించి పాకాలి. మొత్తం వంద మీటర్ల దాకా ఉంటుంది కానీ మధ్యమధ్య బయటికి వచ్చే దారులున్నాయి. తొలి ఇరవై మీటర్లకే బయటికొచ్చినా ఏ తప్పూ లేదు. మా అమ్మ అలాగే వచ్చింది. నేను చివరి వరకు వెళ్లాను. లోపల గాలి వెచ్చగా, తడిగా ఉంటుంది. ముందున్నవారి మడమలు తప్ప ఏమీ కనిపించవు. అరకు రైల్లో వరుస సొరంగాలు దాటుతూ ప్రతి చీకటికీ కేకలు పెట్టిన మనకు, ఇక్కడ గొంతు పెగలదు.

మోకాళ్ల నొప్పులు, గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు దిగకండి. నాన్నగారు మోకాళ్ల వల్ల పైనే ఉండి, నేను బయటికొచ్చే దారి దగ్గర నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డారు. దిగకపోతే యాత్ర వృథా అనుకోవద్దు, మట్టి సంగతి మా అందరికన్నా ముందు కనిపెట్టింది ఆయనే. ఇరుకంటే భయమా కాదా తెలియనివారు ముందు కురుసురలోకి ఒకసారి వెళ్లి రండి. అక్కడ ఊపిరాడనట్టు అనిపిస్తే కుచిలో పైనే ఉండండి. ముదురు రంగు నూలు బట్టలు, వేళ్లు కప్పే బూట్లు వేసుకోండి. అక్కడ టైరు చెప్పులు అమ్ముతారు, పోరాటకారులు లారీ టైర్లు కోసి చేసుకున్న రకమే. మన పల్లెల్లో టైరు చెప్పులు తొడిగినవారికి అవి కొత్తేమీ కాదు.

[దృశ్యం: రేకు పళ్లెంలో ఉడికించిన దుంప ముక్కలు, పక్కన పొడి, చిన్న గ్లాసుల్లో టీ.]

చివర్లో బల్లల ముందు కూర్చోబెట్టి, ఆ రోజుల్లో తిన్న తిండి పెడతారు. అమ్మ ముక్క నోట్లో పెట్టుకుని, "ఇది కర్రపెండలమే కదా" అంది. అవును, కర్రపెండలమే. సామర్లకోట, పెద్దాపురం మిల్లుల్లో సగ్గుబియ్యంగా మారే దుంప. వేరుశనగలు, నువ్వులు, ఉప్పు, పంచదార దంచిన పొడి అద్దుకుని తింటారు. పక్కనే ఒకామె బియ్యప్పిండి నీళ్లను ఆవిరి కుండ మీది గుడ్డపై పలచగా పరిచి రేకులు తీస్తోంది. ఆత్రేయపురం పూతరేకు గుర్తొచ్చి అమ్మ ఆవిడ పక్కన చేరింది. ఇద్దరికీ భాష కలవలేదు, చేతులతోనే చాలాసేపు మాట్లాడుకున్నారు.

[దృశ్యం: నగరంలోకి తిరిగి వస్తున్న వాహనం. మధ్యాహ్నం ఎండ.]

రెండు గంటలకల్లా హోటల్ చేరాం. పడుకోవాలనిపిస్తుంది. కానీ ఒక గంట విశ్రాంతి తీసుకుని, నగరంలోనే ఉన్న యుద్ధ అవశేషాల మ్యూజియానికి వెళ్లండి. వియత్నాం, కంబోడియా, లావోస్ యుద్ధాల్లో ప్రాణాలు పోగొట్టుకున్న 134 మంది ఫోటోగ్రాఫర్లు తీసిన చిత్రాలు అక్కడ ఒక గదిలో ఉన్నాయి. పదకొండు దేశాలవారు, రెండు పక్షాలవారూ ఉన్నారు. ఉదయం మీరు నడిచిన ఆ ఎర్రనేల, అప్పటి మనుషులతో సహా, ఆ గోడల మీద కనిపిస్తుంది. సాయంత్రం అయిదున్నరకు మూసేస్తారు. నాలుగింటికి ముందే లోపల ఉండేలా చూసుకోండి.