కాపు మీదున్న కీరదోసకు బూడిద తెగులు: కత్తెర ఎంతవరకు?

నమస్కారం. ఈ వీడియో ఒక ప్రేక్షకుడి ప్రశ్నకు సమాధానం. ఆయన ఇంట్లో ఎల్‌ఈడీ దీపాల కింద కీరదోస పెంచుతున్నారు. తీగ నిండా పిందెలు, కాయలు ఉన్నాయి. ఆకుల్లో సగానికి పైగా పిండి చల్లినట్టు తెల్లటి మచ్చలు. చూడగానే తెలిసిపోతోంది, బూడిద తెగులే. ఆయన అడిగింది ఇదీ: ‘మచ్చ కనబడిన ప్రతి ఆకూ కత్తిరించేసి తీగను శుభ్రం చేస్తే తెగులు పోతుందా?’

పోదు. పైగా ఈ దశలో అలా చేస్తే కాయలు కూడా పోతాయి. ఎందుకో చెబుతాను.

ముందు ఈ తెగులు స్వభావం చూద్దాం. ఇది శిలీంద్రం, అంటే బూజు లాంటి జీవి, వల్ల వస్తుంది. చాలా శిలీంద్రాలకు ఆకు తడిగా ఉంటే తప్ప మొలకెత్తడం కుదరదు. దీనికి ఆ అవసరం లేదు. దీని బీజాల్లోనే, అంటే గాలిలో ఎగిరి తెగులును వ్యాపింపజేసే సన్నటి రేణువుల్లోనే, కావలసినంత నీరు ఉంటుంది, గాలిలో తేమ ఉంటే చాలు. అందుకే ‘నేను ఆకుల మీద నీళ్లు పడనివ్వను, అయినా ఎలా వచ్చింది?’ అని చాలామంది ఆశ్చర్యపోతుంటారు. నిజానికి గట్టి వాన పడితే ఈ బీజాలు కొట్టుకుపోతాయి. గదిలో వాన ఎక్కడిది? 20 నుంచి 27 డిగ్రీల వేడి, కదలని గాలి, ఒకదాని మీద ఒకటి పడిన ఆకులు, దీపాలు ఆర్పగానే పెరిగే తేమ. తీగ కోసం మనం అమర్చిన సౌకర్యాలన్నీ తెగులుకూ అందుతున్నాయి.

కప్పు కింద పెంచే పంటలను ఇది పట్టుకోవడం కొత్తేమీ కాదు. 1845లో ఇంగ్లండులోని మార్గేట్‌లో టకర్ అనే తోటమాలి అద్దాల గదిలోని ద్రాక్ష తీగల మీద ఇలాంటి బూడిదనే గమనించారు. 1847లో బర్క్‌లీ అనే శాస్త్రవేత్త ఆ శిలీంద్రానికి టకర్ పేరే పెట్టారు. కొద్ది ఏళ్లలోనే అది ఫ్రాన్స్ ద్రాక్ష తోటలను దెబ్బతీసింది. వాటిని ఆదుకున్నది గంధకం పొడి. కత్తెర కాదు.

ఇక అసలు విషయం. బీజం ఆకు మీద పడిన తరువాత, వాతావరణం అనుకూలిస్తే, 3 నుంచి 7 రోజుల్లో కొత్త బీజాలు తయారవుతాయి. అంటే ఈ రోజు మీ కంటికి పచ్చగా, నిగనిగలాడుతూ కనిపించే ఆకుల్లో కొన్నింటికి తెగులు ఇప్పటికే సోకి ఉంటుంది, మచ్చ ఇంకా బయటపడలేదంతే. మచ్చలున్న ఆకులన్నీ తీసేసి ఊపిరి పీల్చుకుంటారు. వారం తిరిగేసరికి మిగిలిన ఆకుల మీద మళ్లీ తెల్లగా తేలుతుంది. ఈసారి తీయడానికి ఆకులే ఉండవు.

మరో సంగతి. ఈ శిలీంద్రం ఆకు లోపలి దాకా చొచ్చుకుపోదు. పైన అల్లుకుని, పైపొర కణాల్లోకి మాత్రమే పీల్చే అవయవాలను దించుతుంది. ఆకు చస్తే అదీ చస్తుంది కాబట్టి ఆకును బతికించే తింటుంది. అందువల్ల రెండు మూడు చిన్న మచ్చలున్న ఆకు పనికిరాని ఆకు కాదు. మిగతా భాగమంతా చక్కెర తయారు చేస్తూనే ఉంటుంది. కాయ ఏ కణుపు దగ్గర ఉందో చూడండి. ఆ కణుపు ఆకు, దాని పక్క ఆకులే ఆ కాయకు ప్రధానంగా తిండి పెట్టేవి. వాటిని తీసేస్తే పిందెలు పసుపుబారి రాలతాయి, పెరుగుతున్న కాయలు వంకర తిరిగి కొసల్లో సన్నబడతాయి.

వేళ్ల మాటేమిటి? ఆకులు తగ్గితే తీగ పీల్చే నీరు తగ్గుతుంది. మీరు మాత్రం అలవాటు ప్రకారం అంతే పోస్తారు. కుండీ ఆరదు, వేళ్లు కుళ్లడం మొదలవుతుంది. ఇంతకాలం నీడలో ఉన్న లోపలి ఆకుల మీద ఒక్కసారిగా దీపాల వెలుగు పడి అవి మాడతాయి. ఇవన్నీ చూసి కూడా తెగులే ముదిరిందని అనుకునేవాళ్లు ఉన్నారు.

అయితే గట్టి కత్తిరింపు ఎప్పుడూ తప్పేనా? కాదు. కుండీలోని గులాబీకి ఇదే తెగులు వస్తే, పూలు అయిపోయాక గట్టిగానే కత్తిరించవచ్చు. ముదురు కొమ్మల్లో, వేళ్లలో దానికి నిల్వ ఉంటుంది, మళ్లీ చిగురించడానికి సమయమూ ఉంటుంది. గులాబీలో తెగులు మొగ్గల పొరల్లోనూ దాక్కుంటుంది కనుక తెల్లబడిన కొసలను కిందికంటా తీయడమే మేలు. కానీ ఆ తరువాత వచ్చే లేత చిగురే తెగులుకు అన్నిటికన్నా ఇష్టమైన మేత. ఆ రోజుల్లో నత్రజని ఎరువు దట్టించకండి. కీరదోస సంగతి వేరు. దాని జీవితమే కొన్ని నెలలు, అందులో చివరి అంకంలో ఉంది. పోయిన ఆకును తిరిగి పెంచుకునే వ్యవధి మొక్కకు ఉందా లేదా, నేను చూసేది అదొక్కటే. మచ్చలు ఎన్ని అన్నది ఆ తరువాతి లెక్క.

సరే, ఆయన ఇప్పుడు ఏం చేయాలి? ముందు తెల్ల వెలుగు టార్చిని ఆకు మీద ఏటవాలుగా పట్టి చూడాలి. ఊదా రంగు దీపాల కింద ఈ మచ్చలు సరిగా కనబడవు. అడుగున పసుపుబారిన ముసలి ఆకులు, మట్టికి ఆనుకున్నవి, సగానికి మించి తెల్లబడినవి, వీటిని తీయండి. కాయ పక్కనున్న ఆకు కొంచెం మచ్చపడినా ఉంచండి. ఒక విడతలో మొత్తం ఆకుల్లో నాలుగో వంతు దాటవద్దు. వారం ఆగి మళ్లీ చూడండి.

తీసే పద్ధతి ముఖ్యం, ఇక్కడ చాలామంది తొందరపడతారు. ఫ్యాను ఆపండి. తిరుగుతుండగా కత్తిరిస్తే ఆ తెల్లపొడి లేచి గదంతా పరుచుకుంటుంది. ఆకు మీద సన్నగా నీళ్లు చిమ్మితే పొడి అణుగుతుంది. ఇప్పుడు ప్లాస్టిక్ సంచిని ఆకుకు కింది నుంచి మెల్లగా తొడగండి. మూతిని కాడ దగ్గర రెండు వేళ్లతో బిగించి పట్టుకోండి. కాడను కాండం దగ్గరగా కత్తిరించి, సంచి తెరవకుండానే ముడి వేయండి. ఆకును కుదపడం, విదిలించడం వద్దు. పని అయ్యాక కత్తెరను స్పిరిట్‌తో తుడిచి ఫ్యాను వేయండి. ఆ రాత్రి దీపాలు ఆర్పాక కూడా అది తిరగాలి. తేమ పెరిగేది అప్పుడే.

మందుల విషయం క్లుప్తంగా. ఇంటి గదిలో గంధకం నాకు నచ్చదు. వాసన, ఊపిరికి ఇబ్బంది, కీరదోస జాతి ఆకులు దానికి మాడే ప్రమాదం. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం అసలే వద్దు. మొక్కల కోసం అమ్మే పొటాషియం బైకార్బనేట్ మేలు, మోతాదు పొట్లం మీద ఉన్నంతే. పాల సంగతి పుకారు కాదు. బ్రెజిల్ శాస్త్రవేత్త వాగ్నర్ బెట్టియోల్ 1999లో ప్రచురించిన ప్రయోగంలో, హరితగృహంలోని జుకినీ (గుమ్మడి జాతి కూరగాయ) మొక్కల మీద నీళ్లు కలిపిన ఆవు పాలు బూడిద తెగులును బాగా అదుపు చేశాయి. 1 వంతు పాలకు 9 వంతుల నీళ్లు కలిపి వారం వారం కొట్టవచ్చు. ఏదైనా సరే మచ్చను చెరపదు, వ్యాప్తిని నిదానం చేస్తుంది. కాపు అయ్యేదాకా మనకు కావలసింది అదే.

కోతకు వచ్చిన కాయలను ఆలస్యం చేయకుండా కోసేయండి. కాపు అయ్యాక తీగను మొదలంటా తీసి, సంచిలో కట్టి బయట పారేయండి. ఈ శిలీంద్రానికి బతికున్న మొక్క కావాలి కాబట్టి కుండీ మట్టిని చూసి భయపడనక్కరలేదు. అదే గదిలో గుమ్మడి, సొర, బీర లాంటి తీగలుంటే మాత్రం వాటి ఆకులను టార్చితో వెతకండి, ఇదే శిలీంద్రం వాటి మీదా నిలుస్తుంది. గులాబీ మీద వచ్చే బూడిద వేరే జాతి, అది కీరదోసకు అంటదు. కొత్త కీర మొలకలను పాత తీగ ఇంకా ఉండగానే తెచ్చి పక్కన పెట్టకండి.