షార్జా ఎండల్లో ముల్తాన్ షర్బత్, ఆలూ అంటే బంగాళాదుంప కాదండోయ్!

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? టైము పదకొండైంది, ఫోన్‌లో 46 డిగ్రీలు చూపిస్తోంది. ముందు ఈ కుళాయి చూడండి. ఇది చన్నీళ్ల వైపు. చెయ్యి పెట్టలేం! ట్యాంకు మేడ మీద ఉంటుంది కదా, నీళ్లు కాగిపోయి వస్తాయి. అందుకే జూన్ రాగానే మేం గీజర్ ఆపేస్తాం. ఇంట్లో ఏసీకి అందులో నీళ్లు చల్లబడతాయి. కాబట్టి వేణ్ణీళ్ల కుళాయి తిప్పితే చన్నీళ్లు, చన్నీళ్ల కుళాయి తిప్పితే వేణ్ణీళ్లు. మా అత్తయ్యగారు ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. చూశారా అత్తయ్యా, పొగలు!

సరే, అసలు సంగతికి వస్తా. ఆ ఎండల్లో ఏం తాగుతున్నారమ్మా అని పిన్ని అడుగుతూనే ఉంది. మజ్జిగే పిన్నీ. కానీ ఈ ఏడాది మా ఎదురు ఫ్లాట్ బాజీ (ఉర్దూలో అక్క అని) పుణ్యమా అని పాకిస్తానీ షర్బత్‌లు నేర్చుకున్నాను. వాళ్లది ముల్తాన్. మాది పిడుగురాళ్ల, రెంటచింతల ఉన్న పల్నాడే. ఇంక చూస్కోండి, ఇద్దరం కలిస్తే ఎవరి ఊళ్లో ఎండ ఎక్కువ అని పోటీ. ముల్తాన్ ఇచ్చే కానుకలు నాలుగని వాళ్లకో సామెత ఉందట: దుమ్ము, ఎండ, బిచ్చగాళ్లు, సమాధులు. దాంతో నేను ఓడిపోయాను.

బాజీ మొదటిసారి "ఆలూ బుఖారా షర్బత్ చేశాను, రా" అని పిలిస్తే మా ఆయన కంగారు పడ్డారు. "బంగాళాదుంప జ్యూసా? నువ్వెళ్లు, నాకు పనుంది." నేను రాష్ట్రభాష పరీక్ష పాసైనదాన్నే, నాకూ ఆలూ అంటే దుంపే! తీరా చూస్తే ఫారసీలో ఆలూ అంటే ప్లమ్ పండట, బుఖారా ఏమో ఊరు పేరు. ఎండిన ప్లమ్స్ అన్నమాట. వాళ్ల బిర్యానీలో కూడా వేస్తారు.

ఇవిగో, పావుకిలో ప్యాకెట్ 12 దిర్హమ్‌లు. దిర్హమ్ 24 రూపాయలు వేసుకోండి, 288 రూపాయలు. వద్దులే, లెక్క వేయకూడదు, వేస్తే ఇక్కడ ఏదీ గొంతు దిగదు. ఒక గుప్పెడు ప్లమ్స్, నిమ్మకాయంత చింతపండు రాత్రే నానబెట్టాను. చింతపండు మాత్రం అమ్మ పంపిందే. పొద్దున ఆ నీళ్లతోనే ఉడకబెట్టి, చేత్తో బాగా పిసికి, గింజలు తీసేసి వడకట్టాలి. ఇప్పుడు కప్పు పంచదార వేసి చిక్కబడేదాకా మరిగించి, నల్ల ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి కలపడమే. చల్లారాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టేయండి. గ్లాసుకి మూడు చెంచాలు, చన్నీళ్లు, ఐసు, పుదీనా. పైన తుఖ్ మలంగా. ఈ పేరు విని ఏదో యునానీ మందు అనుకుని కొట్టుకొట్టూ తిరిగాను. బాజీ సీసా తెరిచి చూపిస్తే... మన సబ్జా గింజలండీ! మా అలమరలో రెండేళ్లుగా పడున్నాయి. వాళ్ల "బంటే వాలీ బోతల్" కూడా అంతే, మన గోలీ సోడానే.

మా ఆయన ఒక గుక్క తాగి, "చారులో ఐసు ముక్కలేసినట్టుంది" అన్నారు. గ్లాసు మాత్రం ఖాళీ చేశారు.

బాజీ సర్దాయీ అని ఇంకోటి చెప్పింది. పంజాబులో కుస్తీ పహిల్వాన్లు తాగుతారట. బాదంపప్పు, పుచ్చగింజల పప్పు, మిరియాలు, గసగసాలు రుబ్బి పాలల్లో కలుపుతారు. కానీ గసగసాలు ఈ దేశంలో నిషేధం. పిన్నీ, నీకే చెబుతున్నా, కోడికూరలోకని పోయినసారి పొట్లం కట్టబోయావు చూడు, అది ఎయిర్‌పోర్టులో దొరికితే కేసే! కాబట్టి మన సర్దాయీ గసగసాలు లేని పహిల్వాను.

దూద్ సోడా మాత్రం చూపించను. చల్లటి పాలు, నిమ్మ రుచి ఉండే తెల్ల కూల్‌డ్రింకు సమంగా కలపడమే. రెండూ గడ్డకట్టేంత చల్లగా ఉండాలి, మెల్లగా పోసి వెంటనే తాగేయాలి. నేను మొన్న ఫ్రిజ్‌లో పెట్టని సోడా గబుక్కున పోస్తే పొంగి గట్టంతా పారింది. లీటరు పాలు ఆరున్నర దిర్హమ్‌లండీ, 156 రూపాయలు.

ఇంకో ముచ్చట. మా ఇంట్లో రూహ్ అఫ్జా, అదే ఎర్రటి గులాబీ షర్బత్ సీసా, ఢిల్లీది, బాజీ ఇంట్లోది కరాచీది. అది చేసే హమ్‌దర్ద్ కంపెనీ పెట్టిన హకీం గారి పెద్దబ్బాయి ఢిల్లీలో ఉండిపోతే, చిన్నబ్బాయి 1948లో కరాచీ వెళ్లి అక్కడ హమ్‌దర్ద్ మొదలుపెట్టారు. "ఈసారి మామిడి కాలానికి ముల్తాన్ రా, చౌసా పండ్లు తినిపిస్తా" అంది బాజీ. "తప్పకుండా, మీరు మా ఊరికి" అన్నాను. ఆ తర్వాత ఇద్దరం వీసాల మాట ఎత్తలేదు. సెలవులకి బిల్డింగ్ సగం ఖాళీ అయిపోయింది. టికెట్ల ధర చూసి మిగిలిపోయింది మేమిద్దరమే.

ఆగండి, బెల్లు. నీళ్ల క్యాను అబ్బాయి.

జగిత్యాల అబ్బాయండీ. చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో కట్టడం పనులు ఆపేస్తారు ఇక్కడ, సెప్టెంబరు 15 వరకు. నీళ్ల క్యాన్లకి మాత్రం అప్పుడే గిరాకీ. ఒక గ్లాసు ఇచ్చాను. "చింతపండు చారు లెక్కనే ఉందక్కా, సల్లగ!" అన్నాడు. మా ఆయన నావైపు చూసిన చూపు కెమెరాలో పడలేదు కానీ...

వెళ్తూ వెళ్తూ మెట్ల దగ్గర ఆగి, "అక్కా, కింద వ్యాన్ల పఠాన్ డ్రైవరున్నడు, పెషావర్ ఆయన. ఒక గిలాస ఆయనకు గూడ ఇస్తవా?" అన్నాడు. పెద్ద స్టీలు గ్లాసు నిండా పోసి, సబ్జా ఎక్కువ వేసి ఇచ్చాను. శనివారం క్యానుతో పాటు గ్లాసు తెస్తానన్నాడు.

పెళ్లిలో అమ్మ పెట్టిన సెట్టులోదండీ అది. తెస్తాడులెండి.