బిల్లు ఎక్కువొచ్చిందని అనకండి

(విజయవాడ సత్యనారాయణపురంలో కాలనీవాసుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఈ ఎండలో ఇంతమంది వచ్చారంటే ఫోను బిల్లుల బాధ గట్టిదే అన్నమాట. కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

నేను టెలిఫోన్ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైనదాన్ని. కౌంటరుకి అటువైపు కూర్చుని విన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఒకటే మాట: "బిల్లు ఎక్కువొచ్చిందండీ." ఎక్కువంటే దేనికన్నా ఎక్కువ? పోయిన నెల కన్నానా, ఒప్పుకున్న ప్లాన్ కన్నానా, పక్కింటివాళ్ళ కన్నానా? ఆ మాటకి అటువైపు మనిషి చేయగలిగిందేమీ లేదు. "సిస్టంలో అలాగే చూపిస్తోంది మేడం" అని ఫోను పెట్టేస్తాడు. అదే మీరు ఫలానా తేదీ బిల్లులో ఫలానా లైను, ఇంత మొత్తం, మేం అడగలేదు, తీసేయండి అన్నారనుకోండి, ఆ లైను తెరిచి చూడక తప్పదు. గొంతు పెంచక్కర్లేదు. ఇది పోట్లాట కాదు, పద్దు సరిచూసుకోవడం.

మొగల్రాజపురంలో మాకు తెలిసిన మాస్టారు, ఆయన భార్య ఉంటారు. కొడుకు ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటానని వచ్చాడని ఫైబర్ ప్లాన్‌ని నెల మధ్యలో 599 నుంచి 799కి మార్చారు. బిల్లు 1,154 రూపాయల 4 పైసలు వచ్చింది. "799 అని చెప్పి ఇంత వేస్తారా" అని మాస్టారు కస్టమర్ కేర్‌తో రెండు పూటలు వాదించారు. నేను ఆ కాగితం తీసుకుని పచారీ కొట్టు చిట్టా చదివినట్టు పైనుంచి కిందకి చదివాను. రాబోయే నెలకి అద్దె 799. మార్చిన తేదీ నుంచి బిల్లు తేదీ దాకా 12 రోజులకి పాత ప్లాన్‌కీ కొత్త ప్లాన్‌కీ తేడా 80. ఈ రెండూ న్యాయమే. మాస్టారు వాదించింది సరిగ్గా ఆ 80 రూపాయల గురించి! దాని కింద చిన్న అక్షరాల్లో 'వినోదం ప్యాక్' అని 99 ఉంది. దాన్ని ఇంట్లో ఎవరూ అడగలేదు, చూడనూ లేదు. పాత బిల్లులు తీయిస్తే అంతకుముందు నెలల్లోనూ ఉంది.

ఇక్కడ ఒక సంగతి పట్టుకోండి. మూడు లైన్లూ కలిపితే 978. దాని మీద 18 శాతం జీఎస్టీ 176 రూపాయల 4 పైసలు. కంపెనీవాళ్ళు తప్పు ఒప్పుకుని 99 వెనక్కి వేస్తామన్నారు. మరి ఆ 99 మీద కట్టించుకున్న 17 రూపాయల 82 పైసల పన్ను? అది కూడా రావాలి. అడిగితే ఇచ్చారు, అడక్కపోతే ఇచ్చేవాళ్ళు కాదు. నెలకి 116 రూపాయల 82 పైసలు. ఐదు నెలలకి 584 రూపాయల 10 పైసలు. పోనీలే అనుకునే మొత్తమే. మనం పోనీలే అనుకుంటామనే లెక్క మీదే ఇలాంటి లైన్లు బతుకుతాయని నా గట్టి నమ్మకం.

ఎక్కడ చెప్పాలి అని అడుగుతారు. ముందు కంపెనీకే. ఫిర్యాదులకి 198 టోల్ ఫ్రీ నంబరు. ఫోన్ చేశాక మీ ఫిర్యాదుకి గుర్తుగా ఒక డాకెట్ నంబరు చెబుతారు, మెసేజీ కూడా వస్తుంది. ఆ నంబరు తీసుకోకుండా ఫోను పెట్టేయకండి. నంబరు లేని ఫిర్యాదు చేయనట్టే లెక్క. "నోట్ చేసుకున్నాం, చూస్తాం" అన్నా సరే, నంబరు చెప్పమని మళ్ళీ అడగండి. అదే రోజు ఆ నంబరు వేసి ఒక ఈమెయిల్ కూడా పంపండి. మీకు చేతకాకపోతే మనవరాలితో పంపించండి. తప్పని మీరు చెప్పే లైను వదిలేసి మిగతా మొత్తం గడువులోగా కట్టేయడం మంచిది. కట్టినట్టు రాసి పంపితే, "అసలు బిల్లే కట్టలేదు" అనే మాట వాళ్ళ నోట రాదు.

బిల్లు ఫిర్యాదు తేల్చడానికి కంపెనీకి కొన్ని వారాల గడువు ఉంటుంది. తేల్చకపోయినా, తేల్చింది మీకు నచ్చకపోయినా 30 రోజుల్లో అదే కంపెనీలో అప్పీళ్ళు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్ళొచ్చు. ఇది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో పెట్టిన నిబంధన. అప్పీలుకి పైసా ఫీజు లేదు. 39 రోజుల్లో తేల్చాలి. అందులో సలహాకి ఇద్దరు సభ్యుల కమిటీ ఉంటుంది, ఒకరు వినియోగదారుల సంఘం మనిషి, ఒకరు కంపెనీ మనిషి. చాలామంది నేరుగా ట్రాయ్‌కే ఉత్తరాలు రాస్తారు. ట్రాయ్ నియమాలు పెడుతుంది గానీ మీ ఒక్కరి బిల్లు తగువు తీర్చదు. టెలికాం శాఖ వారి 1063 నంబరు ఉంది, కేంద్ర వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, అవి వాడుకోండి. మన బెజవాడలో ఏ పని పడ్డా ముందు అక్కడ మనకి తెలిసినవాళ్ళెవరని వెతుకుతాం. దీనికి అంత అవసరం లేదు.

మొబైల్లో మీరు అడగని కాలర్ ట్యూన్, జాతకాల సర్వీసు లాంటివి తగులుకుంటే 155223కి చెప్పి తీయించుకోవచ్చు. ఇలాంటివి మొదలుపెట్టడానికి మీరు రెండుసార్లు ఒప్పుకోవాలని ట్రాయ్ 2013లోనే ఆదేశించింది. "నేను ఒప్పుకున్న రుజువు చూపించండి" అని అడగండి, చాలు.

ఇప్పుడు కోర్టు సంగతి. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, తెలిసినవాళ్ళు తక్కువ కాబట్టి. 2009లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో టెలిఫోన్ బిల్లు తగాదాలకి టెలిగ్రాఫ్ చట్టంలో మధ్యవర్తిత్వం దారి ఉంది కాబట్టి వినియోగదారుల ఫోరానికి రాకూడదంది. ఆ ఒక్క తీర్పు చూపించి ఏళ్ళ తరబడి కేసులు కొట్టించేశారు. తర్వాత అహ్మదాబాద్ నుంచి ఒకాయన కేసు వచ్చింది. నెలకి 249 రూపాయల ప్లాన్, సగటున 555 బిల్లు వచ్చే మనిషికి 2013 చివర్లో ఒక్క నెలకి 24,609 రూపాయల 51 పైసలు వేశారు. ఆయన ఊరుకోలేదు, జిల్లా ఫోరంలో వేశారు. అక్కడ నుంచి పైపైకి పోయి 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే తేల్చి చెప్పింది: వినియోగదారుడు ఫోరానికి రావచ్చు, ఆ దారి మూసిపోలేదు అని. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవల జాబితాలో టెలికాం అన్న మాట నేరుగానే చేర్చారు కూడా. ఎవరింట్లోనో వచ్చిన ఒక్క నెల బిల్లు దేశమంతటికీ దారి తెరిచింది.

మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, అంటే పూర్వం ఫోరం అన్నదానిలోనే, కేసు వేయాలంటే మీరు కట్టిన సొమ్ము 5 లక్షలు దాటనంతవరకు ఫీజు లేదు. ఫోను బిల్లు 5 లక్షలు వచ్చే ఇల్లు ఈ పేటలో ఉందనుకోను. మీరుండే చోటే వేసుకోవచ్చు, కంపెనీ ఆఫీసు ముంబైలో ఉన్నా సరే. లాయరు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్ళు. చాలామంది ఈ గడువు దగ్గరే పోగొట్టుకుంటారు, "చూద్దాం, చూద్దాం" అంటూ.

ఒక్క మాట ఆటోపే గురించి. బ్యాంకు ఖాతాలోంచి దానంతట అదే పోతుంటే బిల్లు ఎవరు చూస్తారు? పూర్వం రెండు నెలలకోసారి పోస్టులో వచ్చిన కాగితాన్ని, మనం చేయని ఎస్టీడీ కాల్ ఏమైనా పడిందేమోనని వరుసాన టిక్కులు పెట్టుకుంటూ చూసేవాళ్ళం. ఇప్పుడు పీడీఎఫ్ తెరిచే ఓపిక లేదు. ఆటోపే ఉంచుకోండి, వద్దనను, కానీ నెలకోసారి ఆ పీడీఎఫ్ తెరవండి.

సింగ్‌నగర్ వైపు నుంచి వచ్చినవాళ్ళు 2024 సెప్టెంబరు బుడమేరు వరద నాటి సంగతి అడిగారు. లైను పనిచేయని రోజులకి కూడా అద్దె వేశారని. ల్యాండ్‌లైన్ మూడు రోజులు దాటి బాగుచేయకపోతే ఏడు రోజుల అద్దె, ఏడు రోజులు దాటితే పదిహేను రోజుల అద్దె, పదిహేను దాటితే నెల అద్దె తగ్గించాలని అప్పటి ట్రాయ్ నాణ్యతా నియమాల్లో ఉంది. వరదంటే ప్రకృతి వైపరీత్యమని కంపెనీ వాదించొచ్చు. ఆ వాదన వాళ్ళ చేత రాయించుకోండి, మన తరఫున మనమే అనేసుకోవద్దు. అయితే ఫాల్టు బుక్ చేసిన తేదీ, నంబరు ఉండాలి. నీళ్ళలో ఉండగా ఎవరు బుక్ చేశారండీ అంటారా, నిజమే. నీళ్ళు తీసిన మర్నాడు చేసినవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళు ఆ మెసేజీలు నాకు చూపించండి.

బిల్లులు తెచ్చినవాళ్ళు ఈ బల్ల దగ్గరికి రండి. ఫోన్లో ఉన్నవాళ్ళు పక్కన జెరాక్స్ షాపులో ప్రింటు తీయించుకోండి, ఆ చిన్న తెర మీద నాకు కనపడదు. ఫైబర్ బిల్లులు ముందు చూద్దాం. పిన్నిగారూ, మీది ల్యాండ్‌లైన్ కదా, కాస్త కూర్చోండి.