చేనుకో పేరు: బర్గండీ ద్రాక్షతోటల్లో ఒక రోజు

అందరికీ నమస్కారం.

ఫ్రాన్స్ ప్రయాణం గురించి మాట్లాడమన్నారు. నేనూ మా ఆవిడా లియోన్‌లో మా అమ్మాయి దగ్గర నెల రోజులున్నాం. పారిస్ వెళ్ళాం, ఈఫిల్ టవర్ ఎక్కాం. అవన్నీ మీరు ఫోటోల్లో చూసినవే. వెళ్ళొచ్చినవాళ్ళు కూడా ఇక్కడ చాలామందే కనిపిస్తున్నారు. అందుకని ఈరోజు ఒక్క రోజు గురించే చెబుతాను. అక్టోబరు మొదటి వారంలో, వైన్‌కి పేరుపొందిన బర్గండీ అనే ప్రాంతంలో, ద్రాక్షతోటల్లో తిరిగిన రోజు.

మా నాన్నకి శంషాబాద్ దగ్గర మూడెకరాల అనాబ్-ఎ-షాహీ రకం ద్రాక్షతోట ఉండేది. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు ఎన్ని ద్రాక్ష పందిళ్ళుండేవో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. రాతి కడీలు పాతి, పైన ఇనుప తీగలు అల్లి, దాని మీదికి ద్రాక్షని పాకించేవాళ్ళం. కింద నడుస్తుంటే గుత్తులు నెత్తికి తగిలేవి. ఆ నీడలోనే చదువుకున్నాను, తర్వాత ఉద్యానశాఖలో ఉద్యోగం చేశాను. నాకు తెలిసిన ద్రాక్ష అంటే పందిరి, వేసవిలో ఒకటి, అక్టోబర్లో ఒకటి చొప్పున ఏడాదికి రెండు కత్తిరింపులు, బోరు నీళ్ళు, తెల్లారకముందే లారీ ఎక్కే డబ్బాలు. అక్కడ చూసిన ద్రాక్షకి వీటిలో ఒక్కటీ లేదు.

అంతకు వారం ముందు ఒక బస్సు టూర్‌లో ఇంకో ప్రాంతానికి వెళ్ళి నిరాశపడి వచ్చాం. యాభై మందిమి. రెండు ఊళ్ళలో దింపారు, రెండుచోట్లా నేరుగా దుకాణంలోకే. తోటని కిటికీలోంచి చూడ్డమే తప్ప కాలు పెట్టింది లేదు. నా మొహం చూసి మా అమ్మాయి, "నాన్నా, ఈసారి మన ఒక్క కుటుంబానికే గైడ్‌ని మాట్లాడతాను" అంది. ఖర్చు ఎక్కువే. అయినా ఆ నెల రోజుల్లో పెట్టిన ప్రతి రూపాయిలోనూ సార్థకమైంది అదే.

ముందురోజు రాత్రికి బోన్ అనే చిన్న పట్నం చేరాం. ఉదయం తొమ్మిదింటికి గైడ్ హోటల్ ముందుకి వ్యాన్ తెచ్చాడు. నలభై దాటిన మనిషి, వాళ్ళ ఇంట్లో తరతరాలుగా ద్రాక్ష పనే. ఎక్కగానే, "మీరు వైన్ కోసం వచ్చారా, తోట కోసం వచ్చారా?" అని అడిగాడు. మా అమ్మాయి నన్ను చూపించి, "మా నాన్నకి మట్టి కావాలి" అంది. ఆయన ఇంజిన్ ఆపేసి, వెనక్కి వెళ్ళి, డిక్కీలోంచి ఒక జత రబ్బరు బూట్లు తెచ్చి నా కాళ్ళ ముందు పెట్టాడు.

ముందు నేల గురించి చెప్పాలి. దిజోన్ నగరం దగ్గర మొదలై బోన్ దాటేదాకా, దక్షిణంగా దాదాపు 60 కిలోమీటర్లు సాగే కొండవాలు అది. కోట్ దోర్ అంటారు. చాలావరకు తూర్పు ముఖం. పైన అడవి, కింద సోన్ నది మైదానం, మధ్యలో సన్నటి అంచులా ద్రాక్ష. వెడల్పు కొన్నిచోట్ల కిలోమీటరు కూడా ఉండదు. అందులో దాదాపు అంతా రెండే రకాలు. ఎర్ర వైన్‌కి పినో నువార్, తెల్లదానికి షార్దొనే. ఇంత చిన్న వాలుని వాళ్ళు 1,247 ముక్కలుగా గుర్తించి, ప్రతి ముక్కకీ పేరు పెట్టుకున్నారు. ఒక్కో ముక్కని క్లిమా అంటారు. 2015లో యునెస్కో వీటన్నిటినీ కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

పుస్తకంలో చదివితే ఇది లెక్కలాగే ఉంటుంది. వోన్-రొమానీ అనే ఊళ్ళో దిగి నడిస్తే అర్థమైంది.

మమ్మల్ని పెద్ద రోడ్డు పక్కన దింపి, "ఇక్కణ్ణించి అడవిదాకా నడుద్దాం. మాట్లాడొద్దు, కిందకే చూడండి" అన్నాడు గైడ్. రోడ్డు పక్కన మట్టి లోతుగా, నల్లగా, బూటుకి అంటుకునేలా ఉంది. నాలుగు వందల అడుగులు వేసేసరికి రంగు తేలింది, గులకరాళ్ళు మొదలయ్యాయి. ఇంకాస్త పైకి వెళ్తే తెల్లటి సున్నపురాయి ముక్కలు, సున్నం కలిసిన బంకమన్ను. అడవి దగ్గరికి వచ్చేసరికి రాయి మీద జానెడు మట్టి. అప్పుడు వెనక్కి తిప్పి చూపించాడు. రోడ్డుకి అవతల పండేదానికి సీసా మీద బర్గండీ అన్న పేరొక్కటే. ఇవతల ఊరి పేరు. ఇంకొంచెం పైన ప్రమియే క్రూ అంటే మొదటి తరగతి, చేను పేరు కూడా సీసా మీదికి ఎక్కుతుంది. వాలు నడుమన గ్రాన్ క్రూ, అన్నిటికన్నా పైమెట్టు. అక్కడ ఊరి పేరు కూడా ఉండదు, చేను పేరొక్కటే. మొత్తం బర్గండీలో అలాంటివి 33. మరీ పైకి వెళ్తే మళ్ళీ తరగతి దిగుతుంది. కింద నీరు నిలుస్తుంది, పైన మట్టి చాలదు, నడుమన నీరు ఇంకిపోతుంది, వేరు రాతి పగుళ్ళలోకి దిగుతుంది. ఇందులో మన రైతుకి తెలియని సంగతి ఒక్కటీ లేదు. "అది చవుడు, ఇది రేగడి, ఆ గట్టు అవతల కంది రాదు" అని మా నాన్న చేను చూడకుండానే చెప్పేవాడు. వాళ్ళు ఆ తెలివిని రాసిపెట్టుకున్నారు, చట్టం చేసుకున్నారు.

ఆ నడుమనే రొమానీ-కోంతీ అనే చేను ఉంది. 1.8 హెక్టార్లు, మన లెక్కలో నాలుగున్నర ఎకరాలకి కొంచెం తక్కువ. పొట్టి రాతిగోడ, మూలన ఒక రాతి శిలువ, దయచేసి లోపలికి రావద్దని చిన్న బోర్డు. కాపలా ఎవరూ కనిపించలేదు. ప్రపంచంలోనే అతి ఖరీదైన వైన్లలో ఒకటి ఇక్కడ పుడుతుందంటే నమ్మడం కష్టం. తీగలు నా నడుము దాకా కూడా లేవు. మీటరుకొకటి చొప్పున, హెక్టారుకి దాదాపు 10,000 మొక్కలు. మా పందిట్లో మొక్కకీ మొక్కకీ మధ్య బండి తిప్పేవాళ్ళం. అక్కడ ట్రాక్టరు కూడా సాలుకి రెండు వైపులా చక్రాలు పెట్టి తీగల మీదుగా పోతుంది. ఈ చేలో గుర్రంతో దున్నుతారు.

అంటు గురించి అడిగాను. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే పురుగు వేళ్ళని పీల్చేసి ఫ్రాన్స్ తోటల్ని తుడిచిపెట్టేసింది. దాన్ని తట్టుకునే అమెరికా మొక్కల వేళ్ళ మీద తమ రకాల్ని అంటుకట్టి బతికించుకున్నారు. మనం డాగ్‌రిడ్జ్ అనే రకం వేరుమొక్క మీద అంటుకట్టేదీ అలాంటి పనే. ఈ రొమానీ-కోంతీ చేను మాత్రం మందులతో, పట్టుదలతో 1945 దాకా సొంత వేళ్ళ మీదే నిలిచిందట. ఆ మాట విని నేను ఆ గోడ దగ్గర కాసేపు నిలబడిపోయాను. మా ఆవిడ వచ్చి చెయ్యి పట్టుకుని కదిలించింది.

అక్కడి తోటకి నీళ్ళు పెట్టరు, వానే ఆధారం. కత్తిరింపు ఏడాదికి ఒక్కటే, చలికాలంలో. అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది, ఎకరానికి ఇంతకంటే ఎక్కువ పండించకూడదని చట్టం ఉండడం. మంచి చేనుకి ఆ హద్దు ఇంకా తక్కువ. ఈ పట్టింపు ఇప్పటిది కూడా కాదు. 1395లోనే ఈ ప్రాంతాన్ని ఏలిన ఫిలిప్ ప్రభువు, గమే అనే రకం విపరీతంగా కాస్తుంది కానీ రుచి ఉండదని, దాన్ని పీకేయమని ఆజ్ఞ వేశాడు. గుత్తుల బరువుకి పందిరి వంగితే పండగ చేసుకున్న ఇంటి నుంచి వెళ్ళినవాణ్ణి నేను.

తర్వాత క్లో ద వూజో అనే గోడ చుట్టిన ద్రాక్షతోట. దీన్ని సితో మఠం సన్యాసులు కట్టారు. ఆ మఠం పుట్టింది 1098లో. బీడుగా ఉన్న నేలని దానంగా పొందుతూ, కొంటూ, శతాబ్దాలపాటు కూడబెట్టి చుట్టూ గోడ కట్టారు. లోపల దాదాపు 50 హెక్టార్లు. పండ్లు పిండడానికి వాళ్ళు వాడిన చెక్క యంత్రాలు ఇప్పటికీ ఉన్నాయి, ఒక్కో దూలం మన ఊరి రథం ఇరుసుకి ఎన్నో రెట్లు. ఫ్రెంచి విప్లవం వచ్చాక మఠం ఆస్తులు పోయాయి. ఇప్పుడు ఆ గోడ లోపల 80 మందికి పైచిలుకు యజమానులు. మా గైడ్ ఒకచోట ఆగి, "ఈ ఆరు సాళ్ళు ఒకరివి, పక్క నాలుగు ఇంకొకరివి" అని చూపించాడు. నెపోలియన్ చట్టం ప్రకారం పిల్లలందరికీ సమాన వాటా, అందుకే ప్రతి తరానికీ చేను సన్నబడుతుంది. ఈ కథకి మనకి అనువాదం అక్కర్లేదు.

భూమి కొలతకి వాళ్ళ దగ్గర ఊవ్రే అని పాత మాట ఉంది. ఒక మనిషి ఒక రోజులో పని చేయగలిగినంత తోట. మన నాలుగు గుంటల పైచిలుకు అవుతుంది. మనవాళ్ళు పుట్టెడు విత్తు పట్టే నేలని పుట్టెడు నేల అన్నారు, వాళ్ళు రోజంత పనిని కొలత చేసుకున్నారు. కొలబద్దలో చెమటని కలిపిన మాట అది. నాకు ఎంతో నచ్చింది.

మధ్యాహ్నం భోజనం సంగతి క్లుప్తంగా చెబుతాను. మా ఆవిడ శాకాహారి. ముందే చెప్పడం వల్ల జున్ను కలిపి కాల్చిన గుండ్రటి బన్నులు, పుట్టగొడుగుల కూర, సలాడ్ ఏర్పాటు చేశారు. ఇంకో సంగతి, వైన్‌ని తేటపరచడానికి కొన్నిచోట్ల కోడిగుడ్డు తెల్లసొన వాడతారు. పట్టింపు ఉన్నవాళ్ళు అడిగి తెలుసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

మూడింటికి మూర్సో అనే ఊళ్ళో ఒక చిన్న రైతు ఇంటికి వెళ్ళాం. ఇలాంటి ఇళ్ళకి చెప్పాపెట్టకుండా వెళ్తే తలుపు తీయరు. భార్యాభర్తలే పని చేసుకుంటారు, వచ్చినవాళ్ళకి చూపించడానికి మనుషులుండరు. గైడ్ వారం ముందే మాట్లాడి పెట్టాడు. ఆదివారాలు, కోతల రోజులు అసలు కుదరదట. నేలమాళిగ మెట్లు దిగుతుంటే చల్లదనం తగిలింది, గోడలన్నీ నల్లటి బూజు. వరసగా ఓక్ పీపాలు, ఒక్కోదాంట్లో 228 లీటర్లు. ఆయన గాజు గొట్టం ముంచి, పైన వేలితో మూసి, రెండు పీపాల నుంచి రెండు గ్లాసుల్లో పోశాడు. ఒకే ఏడు, ఒకే రకం, చేసిన చేయి ఒకటే. చేలు మాత్రం వేరు, మధ్యలో దూరం రెండు వందల మీటర్లు.

నేను తాగేవాణ్ణి కాదు. గుక్కెడు నోట్లో తిప్పి పక్కనున్న కుండీలో ఉమ్మాను. అక్కడ అది మర్యాద తప్పడం కాదు, పని చేసేవాళ్ళందరూ అలాగే చేస్తారు. మొదటిది గుండ్రంగా, మెత్తగా, పండిన జామపండు వాసన. రెండోది నోట్లో నిటారుగా నిలబడింది. తొలకరి చినుకు వేడి బండ మీద పడితే వచ్చే వాసన. తాగని మా ఆవిడ కూడా వాసన చూసి, "రెండూ ఒకటి కావు" అంది. "ఈ రెండో చేను పేరేంటి?" అని అడిగాను. పెర్రియేర్ అన్నాడు. అంటే రాళ్ళు కొట్టిన క్వారీ.

ఆ రైతే 2021 ఏప్రిల్ గురించి చెప్పాడు. చిగురు వేశాక మంచు గడ్డకట్టింది. రాత్రంతా సాళ్ళ మధ్య పెద్ద పెద్ద కొవ్వొత్తులు వెలిగించి కాపలా కాశారు. కొండవాలంతా దీపాలు. చూడ్డానికి అందంగా ఉందని ఫోటోలు తీసుకున్నవాళ్ళున్నారట. ఆయన ఆ మాట చెబుతూ గ్లాసు కింద పెట్టేశాడు. వడగళ్ళకి మా పందిరి కూలిన రాత్రి మా నాన్న ఇలాగే లాంతరు కింద పెట్టి కూర్చున్నాడు. నేను ఆ రైతు భుజం మీద చెయ్యి వేశాను, భాష అవసరం పడలేదు.

తిరిగి వస్తుంటే గైడ్ చేల పేర్లన్నిటికీ అర్థాలు చెబుతూ వచ్చాడు. మోంరాషే అంటే బోడికొండ. జెనెవ్రియేర్ అంటే జూనిపర్ పొదలుండే చోటు. గ్రేవ్ అంటే గులకనేల. కోర్తోఁ కొండ పక్కన బండి ఆపి, "అది రెనార్ద్. నక్కల చేను" అన్నాడు. ఇంత ఖరీదైన పేర్ల వెనక ఇంత మామూలు పల్లె మాటలా అని ఆశ్చర్యపోయాను. అప్పుడు ఆయన అడిగాడు, "మీ చేలకి పేర్లున్నాయా?"

బోన్‌లో దిగేముందు 1443లో స్థాపించిన పేదల ఆసుపత్రిని బయటి నుంచే చూశాం, రంగురంగుల పెంకుల కప్పుతో. దానికి దాతలిచ్చిన ద్రాక్షతోటలున్నాయి, మన దేవుడి మాన్యాల్లాగా. ఆ వైన్‌ని 1859 నుంచి ఏటా నవంబర్లో వేలం వేస్తున్నారు. దాని గురించి చెప్పాలంటే ఇంకో సభ కావాలి. నా మనసు గైడ్ అడిగిన ప్రశ్న దగ్గరే ఉంది.

మా మూడెకరాలు ఇప్పుడు ప్లాట్లు. రాత్రి హోటల్లో కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాను. చింతచెట్టు మడి. బోడబండ చెలక. గోరీల చేను. కుమ్మరికుంట కింది మడి. పెద్దబావి దిబ్బ. పదకొండు దాకా వచ్చాయి. మా తోటకి ఉత్తరాన గుట్టని ఆనుకుని ఉన్న చేను పేరు మాత్రం ఎంత ఆలోచించినా తట్టలేదు. ఇండియాలో తెల్లారాక మా అన్నయ్యకి ఫోన్ చేశాను. ఆయనకిప్పుడు ఎనభై రెండు. ఒక్క క్షణం కూడా ఆగకుండా చెప్పాడు.

"నక్కలబోడు కదరా."