వరంగల్‌లో ఇంటికి లిఫ్టు: ముందు కుర్చీని కొలవండి

[తెర మీద: హన్మకొండలో 200 గజాల్లో కట్టిన జీ ప్లస్ టూ ఇల్లు. పక్కన మెట్లు, కింద పోర్టికో.]

నమస్కారం. మన దగ్గర చాలా ఇళ్లల్లో వరస ఒకటే. కింద కిరాయికి ఇస్తాం, పైన మనం ఉంటాం. అమ్మకో నాన్నకో మోకాళ్లు పట్టేశాక లిఫ్టు మాట మొదలవుతుంది. అప్పుడు మనం అడిగేది "ఎంతవుతుంది?" అని. కంపెనీవాళ్లు తిరిగి అడిగేది "ఎంతమందికి కావాలి సార్?" అని. ఈ రెండింటికన్నా ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది: ఆ లిఫ్టులోకి మనిషి నడుచుకుంటూ వెళ్తాడా, వాకర్‌తో వెళ్తాడా, వీల్‌చైర్‌లో వెళ్తాడా?

ఇవాళ నడుస్తున్నా, రేపటికి కుర్చీ లెక్క వేసుకోండి. షాఫ్ట్, అంటే లిఫ్టు పైకీ కిందికీ తిరిగే నిలువు గది, ఒకసారి కట్టాక పెరగదు.

[తెర మీద: మడత వీల్‌చైర్ మీద టేపు పెట్టి కొలుస్తున్న చేతులు.]

మామూలు మడత వీల్‌చైర్ వెడల్పు దాదాపు 65 సెంటీమీటర్లు. చక్రం తిప్పే చేతుల మెటికలు గీసుకోకుండా ఉండాలంటే అటూ ఇటూ కొంచెం జాగా కావాలి. అంటే తలుపు పూర్తిగా తెరిచినప్పుడు 80 సెంటీమీటర్లు ఉండాలి. 70 అయితే కుర్చీ దూరుతుంది, కానీ ప్రతిసారీ సరిగ్గా మధ్యకు గురిపెట్టి తోయాలి. పొడవు చూస్తే, మనిషి కూర్చుని కాళ్లు పలకల మీద పెట్టాక 120 దాకా వస్తుంది.

ఇప్పుడు కంపెనీ లెక్క చూద్దాం. మన దేశంలో లిఫ్టుకు మనిషికి 68 కిలోలు కడతారు. నలుగురి లిఫ్టు 272 కిలోలు, ఆరుగురిది 408. ఆరుగురి లిఫ్టు అంటే పెద్దదే అనిపిస్తుంది. కానీ మామూలుగా దాని కేబిన్ 110 సెంటీమీటర్ల వెడల్పు, 100 లోతు, తలుపు 70. అంటే ఆరుగురు నిలబడొచ్చు, కుర్చీలో ఉన్న ఒక్క మనిషి పట్టరు. నలుగురి లిఫ్టులో లోతు 70 మాత్రమే ఉంటుంది, ఇక వాకర్ పట్టుకున్న మనిషి వెనక ఇంకొకరు నిలబడటం కూడా కష్టమే. కొటేషన్‌లో "ఆరుగురు, 408 కిలోలు" అని చూసి సంతకం పెట్టేది ఇక్కడే, చిక్కుల్లో పడేదీ ఇక్కడే.

అందుకే కేబిన్ లోపలి కొలతలు కాగితం మీద రాయించుకోండి. కుర్చీ ఒక్కటే వెళ్లాలంటే 100 వెడల్పు, 125 లోతు కావాలి. తోసే మనిషి కూడా వెంట ఉండాలంటే 110, 140. పెద్దవాళ్ల కోసం అయితే రెండోదే అడగండి, ఒంటరిగా పంపలేం కదా. బయట షాఫ్ట్ దీనికన్నా పెద్దగా ఉంటుంది. ఎదురు బరువు, పట్టాలు, తలుపు జారే చోటు, ఇవన్నీ జాగా తింటాయి. ఎంతన్నది లిఫ్టు ఏ పద్ధతిలో నడుస్తుందన్నదాన్ని బట్టి మారుతుంది. అందుకే షాఫ్ట్ డ్రాయింగ్ చేతికి వచ్చాకే మేస్త్రీని పిలవండి. "ఐదడుగులు బై ఐదడుగులు వదిలెయ్యండి, ఏదో ఒకటి పడుతుంది" అన్న మాట మీద కట్టిన షాఫ్టుల్లో, ఆఖరికి అవసరానికి తగిన కేబిన్ కాదు, అందులో పట్టే కేబిన్ వస్తుంది.

[తెర మీద: నేలకూ లిఫ్టు గడపకూ మధ్య సందు, దగ్గరగా. కుర్చీ ముందు చిన్న చక్రం అందులో పడి అడ్డం తిరుగుతుంది.]

దీన్ని జాగ్రత్తగా చూడండి. కుర్చీ వెనక చక్రం పెద్దది, ఏదైనా దాటుతుంది. ముందు చక్రం చిన్నది. లిఫ్టు గడపకూ ఫ్లోర్ గడపకూ మధ్య సందు మూడున్నర సెంటీమీటర్లు మించకూడదు. లిఫ్టు ఆగే మట్టం సెంటీమీటరుకు మించి ఎక్కువ తక్కువ ఉండకూడదు. మించితే ఆ చిన్న చక్రం అడ్డం తిరిగి ఇరుక్కుంటుంది, కూర్చున్న మనిషి ముందుకు తూలుతారు. అప్పగించే రోజు ప్రతి ఫ్లోర్లో ఖాళీ లిఫ్టుతో ఒకసారి, నలుగురు ఎక్కి ఒకసారి, స్కేలు పెట్టి మట్టం చూడండి.

లిఫ్టు ముందు ప్రతి అంతస్తులో ఐదడుగుల చదరం ఖాళీగా ఉంటేనే కుర్చీ తిరుగుతుంది. చెప్పుల స్టాండు, తులసికోట అక్కడ పెట్టొద్దు. బటన్లు నేల నుంచి 90 నుంచి 110 సెంటీమీటర్ల ఎత్తులో, లోపల పట్టుకునే కమ్మీ 90 దగ్గర ఉండాలి. ఎదురు గోడకు అద్దం పెట్టిస్తే వెనక్కి వచ్చేటప్పుడు వెనకేముందో కనబడుతుంది.

[తెర మీద: నాలుగు రకాల లిఫ్టుల బొమ్మలు.]

రకాలు. కొత్తగా కడుతున్న ఇంటికి, షాఫ్ట్ అడుగున గొయ్యికి లోతు, పైన ఎత్తు దొరికితే, గేర్‌లెస్ ట్రాక్షన్, అంటే గేర్లు లేని మోటారు తాళ్లతో లాగే లిఫ్టు, మంచిది. మిషన్ రూమ్ అక్కర్లేదు, కరెంటు తక్కువ తాగుతుంది, ఊళ్లో రిపేరు చేసేవాళ్లు దొరుకుతారు. పాత ఇంటికి నూనె ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్ కుదురుతుంది, గొయ్యి ఒక అడుగు లోపే సరిపోయే మోడళ్లు ఉన్నాయి. కాకపోతే మే నెలలో మన ఎండ 44 దాటినప్పుడు, గాలి ఆడని గదిలో పెట్టిన పవర్ ప్యాక్‌లో (పంపు, నూనె ట్యాంకు ఉండే పెట్టె) నూనె వేడెక్కి పలచబడుతుంది. అప్పుడు లిఫ్టు మెల్లగా కిందికి జారి, మళ్లీ పైకి వచ్చి మట్టం సరిచేసుకుంటూ ఉంటుంది. పవర్ ప్యాక్‌ను మెట్ల కింది మూసిన అల్మారాలో పెట్టనివ్వకండి. జాలీ ఉండి గాలి ఆడే చోటు ఇవ్వండి. సిలిండర్ దగ్గర పైపు పగిలితే లిఫ్టును ఆపే రప్చర్ వాల్వ్ ఉందో లేదో అడగండి. ఉంటే ఎక్కడుందో చూపించమనండి.

పొడవాటి మర మీద ఎక్కి దిగే స్క్రూ లిఫ్టుకు గొయ్యి దాదాపు అక్కర్లేదు. కానీ అందులో పూర్తి కేబిన్ లేకుండా పలక మీద ఎక్కే ప్లాట్‌ఫారం రకానికి సెకనుకు 15 సెంటీమీటర్లే గరిష్ఠ వేగం. పదిన్నర అడుగుల అంతస్తుకు ఇరవై సెకన్లు దాటుతుంది. ఆ సేపంతా బటన్ నొక్కి పట్టుకోవాలి. వేలు తీస్తే ఆగిపోతుంది. చేతులు వణికేవాళ్లకు, వేళ్లు వంగనివాళ్లకు అది నరకమే. కొనేముందు పెద్దవాళ్లనే తీసుకెళ్లి నొక్కించి చూడండి. ఇక గాలి ఒత్తిడితో నడిచే గొట్టం లాంటి వాక్యూమ్ లిఫ్టులు చూడ్డానికి బాగుంటాయి. వాటిలో దాదాపు 130 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పెద్దదానిలోనే కుర్చీ పడుతుంది, చిన్నవి నిలబడే మనిషికే.

[తెర మీద: తవ్విన గొయ్యి. అడుగున నల్లరేగడి, ఒక పక్క బండ. మూలన నీరు ఊరుతోంది.]

ఇప్పుడు గొయ్యి. మన ఊళ్లో లిఫ్టులను ఎక్కువగా పాడుచేసేది ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చెప్పుకుందాం.

మామూలు ట్రాక్షన్ లిఫ్టుకు నాలుగు నుంచి ఐదు అడుగుల గొయ్యి కావాలి. హన్మకొండలో కొన్నిచోట్ల కొంచెం తవ్వగానే బండ తగులుతుంది. బ్రేకర్ ఖర్చు, పక్కింటి గోడకు అదురు, రెండూ ముందే లెక్కలోకి తీసుకోండి. నల్లరేగడి ఉన్నచోట బండ బాధ లేదు గానీ, ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. ఇటుక గోడ కట్టి లోపల ప్లాస్టరింగ్ చేసిన గొయ్యి అక్కడ తొందరగా చీలుతుంది. అడుగూ గోడలూ కాంక్రీటుతోనే పోయించండి. అడుగూ గోడా కలిసే జాయింట్‌లో వాటర్ స్టాపర్ పట్టీ వేయించండి. సెంట్రింగ్ తీశాక గొయ్యిని నీళ్లతో నింపి, మట్టం దగ్గర గీత గీసి రెండు రోజులు చూడండి. నీళ్లు తగ్గాయంటే లోపలి నుంచి బయటికి పోయిన దారినే, రేపు బయటి నీళ్లు లోపలికి వస్తాయి.

ఇంకొకటి. పోర్టికో కింద మంచినీళ్ల సంపు ఉండటం మనకు అలవాటు. లిఫ్టు కూడా మెట్ల పక్కనే, అంటే సంపు పక్కనే వస్తుంది. రెండింటికీ ఒకే గోడ పెట్టి ఇటుక ఆదా చేద్దాం అంటారు. ఒప్పుకోవద్దు. సంపు నుంచి చెమ్మ ఆగదు, గొయ్యిలో లిఫ్టు అదురును ఆపే బఫర్ స్ప్రింగులు, పట్టాల అడుగు తుప్పు పడతాయి. గొయ్యి నీళ్లు పోవడానికి పైపును మోరీకి కలపడం కూడా వద్దు. మోరీ నిండితే అదే పైపులోంచి వెనక్కి ఎక్కుతుంది. మూలన చిన్న గుంట వదిలి, కావాల్సినప్పుడు పంపుతో తోడుకునే ఏర్పాటు చాలు.

2020 ఆగస్టులో, 2023 జులైలో నయీంనగర్ నాలా పొంగినప్పుడు ఇళ్లలోకి నీళ్లు ఎలా వచ్చాయో ఊరు చూసింది. అలాంటి కాలనీల్లో ఉంటే కంట్రోలర్ ప్యానెల్ పై అంతస్తులో పెట్టించండి. గట్టి వాన మొదలైతే లిఫ్టును పైకి తీసుకెళ్లి, అక్కడే మెయిన్ ఆఫ్ చేయండి. కింద వదిలేస్తే గొయ్యి నిండి కేబిన్ అడుగున ఉన్న వైర్లు తడుస్తాయి. నీళ్లు తగ్గాక తొందరపడి ఆన్ చేయొద్దు. గొయ్యి తోడి, ఆరబెట్టి, మెకానిక్ చూశాకే ఆన్ చేయాలి.

[తెర మీద: షాఫ్ట్ లోపల పై నుంచి వేలాడుతున్న తాడు, కింద గుండు.]

షాఫ్ట్ గోడకు పట్టాల బ్రాకెట్లు బిగిస్తారు. బోలు ఇటుక, తేలికపాటి బ్లాకులు వాటి లాగుడును తట్టుకోవు, బోల్టు వదులై లిఫ్టు ఊగుతుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ కడితే, బ్రాకెట్ వచ్చే ఎత్తుల్లో కాంక్రీటు బ్యాండు వేయాలి. ఆ ఎత్తులు డ్రాయింగ్‌లో ఉంటాయి. గోడ నిట్రంగా ఉందో లేదో నాలుగు మూలల్లో పై నుంచి గుండు వేసి చూడండి. కింద పైన తేడా రెండున్నర సెంటీమీటర్లు దాటితే ప్లాస్టరింగ్ చేయకముందే సరిచేయించండి.

పాత ఇంట్లో స్లాబు కోయాలంటే స్ట్రక్చరల్ ఇంజినీరు కాగితం లేకుండా ఒక్క అంగుళం కూడా కోయనివ్వొద్దు. బీమును అసలు ముట్టుకోకూడదు. కోసిన అంచుల కింద కొత్త బీములు పడాలి. అది కుదరకపోతే ఇంటి బయట ఇనుప ఫ్రేము నిలబెట్టి లిఫ్టు పెట్టొచ్చు. పడమటి వైపు అద్దాల షాఫ్ట్ మాత్రం వద్దు, ఏప్రిల్ మధ్యాహ్నం లోపల కూర్చోలేరు.

[తెర మీద: పాత జాలీ గేటు. సందులోంచి చెయ్యి బయటికి వస్తుంది.]

మడత జాలీ గేట్లు తక్కువ ధరకు వస్తాయి. పిల్లలున్న ఇంటికి అవి వద్దే వద్దు. 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్ శాంతినగర్‌లో ఆరేళ్ల బాబు లిఫ్టుకూ గోడకూ మధ్య ఇరుక్కుని చనిపోయాడు. మూసిన ఆటోమేటిక్ తలుపులు, మనిషి అడ్డం వస్తే తలుపు మూసుకోకుండా ఆపే కిరణాల తెర, తలుపు పూర్తిగా పడితే తప్ప కదలనివ్వని ఇంటర్‌లాక్, ఈ మూడింట్లో బేరం ఆడకండి. తలుపు మూసుకునే ముందు ఆగే సమయం కూడా పెంచమని చెప్పండి. నిదానంగా నడిచేవాళ్లకు మూడు సెకన్లు చాలవు.

కరెంటు సంగతి. హోమ్ లిఫ్టులు చాలావరకు సింగిల్ ఫేజ్‌తోనే నడుస్తాయి, కానీ ఏసీలు, బోరు మోటారు, గీజరు పక్కన ఇదీ కలిస్తే మీటరు లోడు చాలకపోవచ్చు. మన కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్‌లో అదనపు లోడుకు ముందే దరఖాస్తు పెట్టుకోండి. లిఫ్టుకు విడిగా లైను, విడిగా ఎంసీబీ, మంచి ఎర్తింగ్ ఉండాలి. బోరు మోటారు ఆన్ చేసినప్పుడల్లా లిఫ్టు ఆగుతుంటే, మొదట వోల్టేజీ పడిపోతోందేమో కొలిపించండి. లిఫ్టు తప్పని, మోటారును నడిపే డ్రైవ్ మార్పించుకుంటే డబ్బు దండగ.

కొటేషన్లో షాఫ్ట్ కట్టుబడి, పరంజా, గ్రానైట్ చుట్టుపట్టీ, కరెంటు లైను సాధారణంగా ఉండవు. 18 శాతం జీఎస్‌టీ కలిపారో లేదో చూడండి. మెయింటెనెన్స్ ఒప్పందంలో విడిభాగాలు కలిసి ఉన్నాయా, మనిషి వచ్చి చూసిపోవడం వరకేనా అన్నది రాతలో ఉండాలి. మెకానిక్ వరంగల్‌లోనే ఉంటాడా, హైదరాబాద్ నుంచి రావాలా అన్నదీ అడగండి.

[తెర మీద: మెయిన్ స్విచ్ ఆఫ్. కేబిన్‌లో లైటు వెలుగుతుంది, లిఫ్టు నెమ్మదిగా దగ్గరి అంతస్తుకు వచ్చి తలుపు తీస్తుంది.]

ఇది ఏఆర్‌డీ (ఆటోమేటిక్ రెస్క్యూ డివైస్) చేసే పని. కరెంటు పోతే బ్యాటరీతో దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తీస్తుంది. ఆ బ్యాటరీలు రెండు మూడేళ్లకు అరిగిపోతాయి, కానీ కరెంటు పోయేదాకా ఆ సంగతి తెలియదు. అందుకే నెలకోసారి, లోపల మనుషులెవరూ లేకుండా, లిఫ్టు రెండు అంతస్తుల మధ్య కదులుతున్నప్పుడు మెయిన్ ఆఫ్ చేసి చూడండి. లిఫ్టు ఒక అంతస్తుకు వచ్చి తలుపు తీయాలి. మధ్యలోనే నిలిచిపోయినా, తలుపు సగమే తెరుచుకున్నా మెకానిక్‌తో బ్యాటరీ చూపించాల్సిందే. అదే రోజు లోపలి అలారం బటన్ నొక్కి, పై గదిలో తలుపులేసుకుని ఉన్నవాళ్లకు వినబడుతోందో లేదో అడగండి. ఎవరైనా లోపల చిక్కుకుంటే తలుపు బలవంతంగా తెరవకండి. మెయిన్ ఆఫ్ చేసి, లోపలివాళ్లతో మాట్లాడుతూ ఉండండి. చేత్తో దింపే లివరో వాల్వో ఎలా వాడాలో ఇంట్లో కనీసం ఇద్దరు పెద్దవాళ్లు, అప్పగించే రోజే మెకానిక్ ముందు స్వయంగా చేసి నేర్చుకోవాలి. తలుపు తెరిచే మూడు మూలల తాళంచెవి మాత్రం పిల్లల చేతికి అందనిచోట ఉంచండి.