రాబర్ట్స్ పతకాలు ఏం చెబుతాయి? – స్టూడియో చర్చ

వ్యాఖ్యాత: బ్రిటిష్ సేనాని ఫ్రెడరిక్ రాబర్ట్స్. 1832లో కాన్పూర్‌లో పుట్టాడు. 1851లో బెంగాల్ ఆర్టిలరీలో చేరి ఫీల్డ్ మార్షల్ దాకా ఎదిగాడు. ఆయన ఛాతీ నిండా పతకాలే. అందులో సాహసానికి ఇచ్చినవెన్ని, సార్?

పతకాల పరిశీలకుడు: ఒక్కటే, విక్టోరియా క్రాస్. బ్రిటిష్ సైన్యంలో అత్యున్నత సాహస పతకం అది. మిగతావి చాలావరకు ఫలానా యుద్ధంలో ఉన్నాడని చెప్పేవో, హోదాకు తగ్గ బిరుదులో. 1857 తిరుగుబాటు పతకం మీద ఢిల్లీ, లక్నో పట్టీలుంటాయి, అంటే ఏ పోరులో ఉన్నాడో చెప్పే పేరు చెక్కిన చిన్న లోహపు ముక్కలు. అఫ్గానిస్తాన్ పతకం మీద నాలుగు: పేవార్ కోతల్, చారాసియా, కాబూల్, కాందహార్. ఆ యుద్ధాల్లో ఉన్న మామూలు సిపాయికీ అవే దక్కాయి. పట్టీల సంఖ్య చూసి శౌర్యాన్ని కొలిస్తే లెక్క తప్పుతుంది.

వ్యాఖ్యాత: మరి ఆ ఒక్కటీ ఎందుకిచ్చారు?

చరిత్ర అధ్యాపకురాలు: 1858 జనవరి 2, ఖుదాగంజ్. పారిపోతున్న తిరుగుబాటు సిపాయిలను తరుముతుంటే, తమ వైపు పోరాడుతున్న ఒక సవారు, అంటే భారతీయ గుర్రపు సైనికుడి మీదికి బయొనెట్‌తో వచ్చిన సిపాయిని రాబర్ట్స్ కత్తితో నరికాడు. కాసేపటికే జెండా పట్టుకుని ఊళ్లోకి దూరబోతున్న ఇద్దరిని అందుకున్నాడు. ఒకడు తుపాకీ ఒంటికి ఆనించి మీట నొక్కాడు, అది పేలలేదు. జెండా రాబర్ట్స్ చేతికొచ్చింది. అదే ఏడాది డిసెంబర్ 24న బ్రిటిష్ ప్రభుత్వ అధికారిక పత్రిక లండన్ గెజిట్‌లో పతకం ప్రకటన వచ్చింది. ఇక్కడ నన్ను బాధించేదొకటుంది. ఆయన కాపాడిన ఆ సవారు అంతే ధైర్యం చూపినా ఈ పతకం వచ్చేది కాదు. 1911 దాకా భారతీయ సిపాయిలకు అర్హతే లేదు.

వ్యాఖ్యాత: వాళ్లకేం ఇచ్చేవారు?

చరిత్ర అధ్యాపకురాలు: 1837లో కంపెనీ పెట్టిన ఆర్డర్ ఆఫ్ మెరిట్. మూడు తరగతులు. మొదటి సాహసానికి మూడో తరగతి ఇచ్చి, జీతంలో మూడో వంతు అదనంగా కలిపేవారు. మళ్లీ సాహసం చేస్తే రెండో తరగతి, మూడింట రెండు వంతులు. మొదటి తరగతి దాకా వెళ్తే జీతం రెట్టింపు. అంటే మూడుసార్లు ప్రాణం పణంగా పెట్టాలి! తొలి భారతీయ విక్టోరియా క్రాస్ ఖుదాదాద్ ఖాన్‌ది, మొదటి ప్రపంచ యుద్ధంలో, బెల్జియంలో 1914 అక్టోబర్ 31న చేసిన పోరాటానికి. అక్కడి భారత సైన్యాన్ని చూడ్డానికి ఫ్రాన్స్ వెళ్లిన రాబర్ట్స్ నవంబర్ 14న సెయింట్ ఒమేర్‌లో చనిపోయాడు.

వ్యాఖ్యాత: మన ప్రాంతంతో ఆయనకు సంబంధం ఉందంటారు కదా, మేడమ్?

చరిత్ర అధ్యాపకురాలు: ఉంది, అదేమంత మంచిది కాదు. 1880లో కాబూల్ నుంచి కాందహార్‌కు సుమారు పదివేల మందితో 300 మైళ్లకు పైగా నడిచి వెళ్లి గెలిచాడు. ఆ పేరుతోనే 1881లో, మన తెలుగువాళ్లూ ఉండే మద్రాసు సైన్యానికి అధిపతి అయ్యాడు. చాలా ఏళ్లుగా యుద్ధాల్లేక దక్షిణాది సిపాయిల్లో పోరాట పటిమ పోయిందని తీర్మానించాడు. 1885లో మొత్తం భారత సైన్యానికి అధిపతి అయ్యాక ఆ అభిప్రాయమే విధానంగా మారింది, తెలుగువాళ్ల భర్తీ బాగా పడిపోయింది. 1824లో సముద్రం దాటి రంగూన్ మీదికి వెళ్లినవాళ్లలో ఈ మద్రాసు పటాలాలే ఉన్నాయి. ఆయన తీర్పు అన్యాయమనే నేనంటాను.

వ్యాఖ్యాత: అయినా మన ఇళ్లలో తాతల నాటి పతకాలు ఉంటాయి కదా. అసలువో కాదో ఎలా చూడాలి?

పతకాల పరిశీలకుడు: ముందు అంచు చూడండి. హోదా, పేరు, పటాలం అంచు మీదే ఉంటాయి. పాత పేరు అరగదీసి కొత్తది చెక్కితే అక్కడ అంచు పల్చబడుతుంది. ఆనాటి యుద్ధ పతకాలు చాలావరకు 36 మిల్లీమీటర్ల వ్యాసం. కాలిపర్‌తో, అంటే రెండు దవడలతో పట్టి కొలిచే పరికరంతో, నాలుగు వైపులా కొలవండి, ఒకచోట తగ్గితే అనుమానించాలి. అచ్చు పోసిన నకిలీ, లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోయి చిన్నదవుతుంది, ముఖంలో గీతలు మొద్దుబారతాయి. పట్టీల రివెట్ల దగ్గర అతుకు వేసిన గుర్తులుంటే ఆ పట్టీ తర్వాత తగిలించిందే. ఇవన్నీ సరిపోయినా పతకాలు అందుకున్నవాళ్ల అధికారిక జాబితాలో పేరు చూడకుండా ఖాయం చేసుకోవద్దు.

వ్యాఖ్యాత: విక్టోరియా క్రాస్ అయితే?

పతకాల పరిశీలకుడు: దాని వెనక మధ్య వలయంలో సాహసం చేసిన తేదీ, పతకాన్ని వేలాడదీసే పై కడ్డీ వెనక పేరు, హోదా, పటాలం ఉంటాయి. వాటిని గెజిట్‌తో పోల్చాలి. ఇంకోమాట, చింతపండు వేసి తోమకండి! అంచు మీద అక్షరాలు అరిగిపోతే ఆ మనిషి ఎవరో తెలిసే దారి పోతుంది. 1885–87 బర్మా పట్టీ ఉన్న పతకం వెండిది కాకుండా కంచుది కనిపిస్తే నకిలీ అనుకుని అమ్మేయకండి. సైన్యం వెంట నడిచిన మన సహాయక సిబ్బందికి అదే పతకాన్ని కంచులో ఇచ్చారు.