మీటరు ఎవరి పేరున ఉంది?

అధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, సభకు వచ్చిన మీ అందరికీ నమస్కారం. ఏటా డిసెంబరు 14న మొదలయ్యే ఇంధన పొదుపు వారోత్సవాల్లో మాట్లాడమని నన్ను పిలిచినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు. విద్యుత్ శాఖలో ముప్పై రెండేళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కనుక, ఇళ్లలో కరెంటు ఆదా కోసం ప్రభుత్వాలు అమలు చేస్తున్న పథకాలను వరుసగా వివరించాలని ఒక వ్యాసం రాసుకుని వచ్చాను. అందులో సగమైనా చదవగలనో లేదో తెలియదు, ఎందుకంటే మొదటి పేజీలో ఉన్న ఎల్ఈడీ బల్బుల దగ్గరే నేను చెప్పుకోవలసిన మాట ఒకటుంది.

ఇళ్లకు తక్కువ ధరకు ఎల్ఈడీ బల్బులు అందించేందుకు 2015 జనవరి 5న దేశవ్యాప్తంగా మొదలైన ఉజాలా పథకం నిజంగా గొప్ప పని చేసింది. ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్ఎల్ కోట్ల సంఖ్యలో బల్బులకు ఒకేసారి టెండరు పిలవడంతో, 2014 ఆరంభంలో 310 రూపాయలున్న కొనుగోలు ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగివచ్చింది. 36 కోట్లకు పైగా బల్బులు ఇళ్లకు చేరాయి. అరవై వాట్ల పాత బల్బు రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు కాలుతుంది. దాని స్థానంలో పెట్టిన ఏడు వాట్ల ఎల్ఈడీకి యూనిట్ కంటే కొంచెం ఎక్కువ చాలు. కొన్ని రాష్ట్రాల్లో ముందు పది రూపాయలు తీసుకుని, మిగిలిన సొమ్మును నెలకు పది రూపాయల చొప్పున బిల్లులో కలిపి వసూలు చేశారు. చేతిలో డబ్బు లేనివారికి కూడా పొదుపు అందాలంటే ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలియదు.

అయితే ఆ రోజుల్లో మా సెక్షన్ ఆఫీసు వరండాలో బల్ల వేసుకుని బల్బులు పంచినవాళ్లలో నేనూ ఒకణ్ణి. పాత బల్బు తెచ్చి పది రూపాయలిస్తే కొత్తది ఇస్తాం, ఒక్కో సర్వీసు నంబరుకు రెండు మాత్రమే. ఒక మధ్యాహ్నం, అరవై దాటిన ఒకావిడ కొంగు చివర ముడి విప్పి, మెడ దగ్గర లోపలంతా నల్లగా మసిబారిన బల్బును జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, దాని పక్కన పది రూపాయల నోటు ఉంచారు. ఆవిడ చెప్పిన నంబరును రిజిస్టరులో వెతికితే, ఇంటి యజమాని అంతకుముందే వచ్చి రెండు బల్బులూ తీసుకుని సంతకం చేసి ఉన్నారు. ఒకే మీటరు మీద మూడు వాటాలున్న ఇల్లు అది. వెనుక వైపు రేకుల గదిలో ఈవిడ అద్దెకు ఉంటున్నారు. "బాబూ, కరెంటు డబ్బులు నెలనెలా నేనే కడుతున్నాను గదా, యూనిట్‌కు ఎనిమిది రూపాయల లెక్కన," అన్నారు. "ఒక నంబరు మీద రెండే ఇవ్వాలమ్మా," అన్నాను. ఆవిడ ఆ బల్బును మళ్లీ కొంగులో ముడి వేసుకుని వెళ్లిపోయారు.

నేను నియమం ప్రకారమే నడుచుకున్నాను. కానీ ఆ ఎనిమిది రూపాయల సంగతి మీరందరూ ఒక్కసారి ఆలోచించండి. మూడు కుటుంబాల వాడకం ఒకే మీటరు మీద పడితే శ్లాబు, అంటే వాడకాన్ని బట్టి ధర నిర్ణయించే మెట్టు, పైకి పోతుంది, యూనిట్ ధర పెరుగుతుంది, ఒక బల్బు, ఒక ఫ్యానుతో కాలం వెళ్లబుచ్చే మనిషి కూడా ఆ పెరిగిన ధరే చెల్లిస్తుంది. అంటే పొదుపు ఎవరికి అందరికంటే ఎక్కువ అవసరమో వారి పేరు మా రిజిస్టరులో లేనే లేదు.

ఈ సభలో అద్దె ఇళ్లలో ఉంటున్నవారు చేతులెత్తగలరా? చూడండి, సగం సభ. ఇక నా వ్యాసం పక్కన పెడతాను, మీ గురించే మాట్లాడతాను.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల సౌర ఫలకాలకు కేంద్రం 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది. నేను దానిని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ దానికి సొంత కప్పు కావాలి, సొంత సర్వీసు కావాలి. ఇంటి కప్పు వేడెక్కకుండా చూసేందుకు తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చింది. ప్రభుత్వ భవనాలకూ, 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకూ దాన్ని తప్పనిసరి చేసింది. ఎండను వెనక్కి కొట్టే తెల్లని పూత అందరికంటే ముందు పడవలసింది సిమెంటు రేకుల మీద. మే నెల మధ్యాహ్నం ఆ రేకుల కింద ఫ్యాను వేస్తే వడగాలే దిగుతుంది. అద్దెకున్నవారు తమ డబ్బుతో యజమాని కప్పుకు పూత వేయించరు. ఆ ఉక్కలో తాను ఉండడు కనుక యజమానీ వేయించడు. ఈ ముడిని ప్రభుత్వ సొమ్మే విప్పాలి.

ఇది జరగని పని కాదు. అమెరికాలో తక్కువ ఆదాయం గలవారి ఇళ్లను ఇంధనం ఆదా అయ్యేలా మెరుగుపరిచే కార్యక్రమం 1976 నుంచి నడుస్తోంది. యజమాని అంగీకారం ఉంటే అద్దె ఇళ్లలోనూ పనులు చేస్తారు. ఇలాంటి పనులకు డబ్బు అప్పుగా ఇచ్చి కరెంటు బిల్లులో రాబట్టే పద్ధతిని బ్రిటన్ 2013లో గ్రీన్ డీల్ పేరుతో పెద్ద ఎత్తున ప్రయత్నించింది. వడ్డీ భారం, కాగితాల తతంగం చూసి జనం దూరంగా ఉండడంతో రెండేళ్లకే నిధులు ఆపేసింది. కాబట్టి బిల్లులో వసూలు చేయాలంటే మన బల్బుల మాదిరిగా వాయిదా చిన్నదిగా ఉండాలి, వడ్డీ మాట వినిపించకూడదు.

ఫ్యాను లెక్క కూడా చెప్పనివ్వండి. 75 వాట్ల మామూలు ఫ్యాను రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యానుకు 11 యూనిట్లు కూడా పట్టవు. నెలకు 16 యూనిట్లు మిగులుతాయి, కానీ దాని ధర మామూలు ఫ్యానుకు దాదాపు రెట్టింపు కనుక రోజు కూలీ మీద బతికేవారు దాని జోలికి పోరు. కోటి ఫ్యాన్లు అందిస్తామని ఈఈఎస్ఎల్ 2023లో కార్యక్రమం ప్రకటించింది. ఆ ఫ్యాన్లనైనా సర్వీసు నంబరు చూసి కాక, గదిలో నివసించే కుటుంబాన్ని చూసి ఇవ్వాలని నా విన్నపం. తెలంగాణలో 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తున్న ఇళ్లలో ఆ సొమ్మును డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు, చెల్లిస్తున్నది ప్రభుత్వమే. అక్కడ ఆదా అయ్యే ప్రతి యూనిట్ ఖజానాకే మిగులుతుంది కనుక, ఆ ఇళ్లలో ఫ్యానును ప్రభుత్వమే ఉచితంగా బిగించినా తన డబ్బు తాను తిరిగి రాబట్టుకున్నట్టే.

వెనుక బల్ల మీద ఒక అర్జీ ఉంది. ఇలాంటి పథకాల దరఖాస్తు ఫారంలో ఇంటి యజమాని గడి కింద "నివసిస్తున్నవారు" అని మరో గడి చేర్చాలని, అద్దె రశీదునో ఆధార్ కార్డునో చాలినంత ఆధారంగా తీసుకోవాలని అందులో రాశాను. చేతులెత్తినవారందరూ వెళ్లేముందు దాని మీద సంతకం చేయండి. సంతకం రానివారి కోసం స్టాంపు ప్యాడ్ కూడా తెచ్చాను.